స్టోర్స్ నుంచి ఓకే

మా కంపెనీ దగ్గుమందు సీసాలకు ప్లాస్టిక్ మూతలు చేసేది. మూతలు పోసే మిషన్లు, ఆఫీసు నాచారంలో ఉండేవి. తయారైన మూతల్ని ప్యాక్ చేసి నిల్వ పెట్టే గోడౌన్ మల్లాపూర్‌లో ఉండేది. షేర్ ఆటోలో సర్దుకుని కూర్చునేలోపే దిగాల్సి వచ్చేంత దూరం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ నాచారం ఆఫీసులో బిల్లులు వేసే ఉద్యోగంలో చేరాను.

తెనాలి దగ్గర పల్లె మాది. పెళ్లయ్యాక ఉప్పల్ వచ్చాను. మా ఆయన మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. నెలలో సగం రోజులు జిల్లాల్లోనే తిరుగుతుండేవారు. ఉప్పల్‌లో మా వీధిలో మా వైపు వాళ్లు చాలామందే ఉన్నా ఎవరి తలుపు వాళ్లు వేసుకునేవాళ్లు. నాకంటూ ఒక మనిషి దొరికింది మల్లాపూర్ గోడౌన్‌లోనే. అక్కడ స్టోర్స్ చూసే ఆవిడ. నాకంటే బాగా పెద్దది, జనగామ దగ్గరి ఊరు. భర్తకు మల్లాపూర్‌లో లేత్ మిషన్ల షాపులో పని దొరికితే ఆయన వెంట వచ్చింది. మా గోడౌన్‌లో మూతలు సంచుల్లో పోసే పనిలో చేరి, మెల్లగా స్టోర్స్ అంతటికీ పెద్ద అయింది. అందరూ ఆమెను అక్క అనేవారు. నేనూ అక్క అనే పిలిచాను. ఆమె మొదటి రోజు నుంచే నన్ను చెల్లె అంది.

ఓనరు గారు ఎక్కడో పాత కంప్యూటర్లు కొని తెచ్చి, ఒకటి స్టోర్స్‌లో పెట్టించారు. అక్కకు నేర్పమని నన్ను పంపారు. అక్క కుర్చీ అంచున కూర్చుని కీబోర్డు వంక చూసింది.

"నాకు ఇంగ్లీషు రాదు చెల్లె. పదో తరగతిల గదే తప్పిన."

"అక్షరాలు వస్తే చాలక్కా."

"అక్షరాలు వస్తయి. మాటలే రావు."

ఆమె నేర్చుకుంది. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో కొట్టేది. ఒక్కో అక్షరాన్నీ వెతికి, దొరకగానే "ఆఁ" అనేది. ఏ సైజు మూతలు ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో రోజూ ఎక్కించేది. తెర మీద ఏదైనా డబ్బా తెరుచుకుని అడిగితే భయపడకుండా ఓకే నొక్కమని చెప్పాను. ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. ప్యాకింగ్ ఆడవాళ్లు టీ తాగుదామా అని అడిగినా "ఓకే" అని నవ్వేది.

అప్పట్లో మా కంప్యూటర్లు దేనికది ఒంటరిగా ఉండేవి. నాచారంలో బిల్లు వేయాలంటే మల్లాపూర్‌లో సరుకు ఎంతుందో తెలియాలి. అందుకని రోజూ మధ్యాహ్నం నేను ఫ్లాపీ పట్టుకుని వెళ్లి, అక్క ఎక్కించిన లెక్క అందులోకి తీసుకుని వచ్చేదాన్ని. ఫ్లాపీలకు ఆ దారిలోని దుమ్ము పడేది కాదు. ఒకదాంట్లో తెరుచుకోకపోతే ఇంకోదాంట్లో ఉంటుందని రెండింట్లో ఎక్కించుకునేదాన్ని. వెళ్లేది ఎలాగూ అన్నం వేళకే కాబట్టి టిఫిన్ డబ్బా కూడా తీసుకెళ్లేదాన్ని.

మూతల సంచుల మధ్య చాప వేసుకుని కూర్చునేవాళ్లం. అక్క జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చేది. నేను పప్పు, గోంగూర పచ్చడి తీసుకెళ్లేదాన్ని. మా పచ్చడిలో నూనె ఎక్కువని ఆమె అనేది. వాళ్ల రొట్టె నమలలేక నా దవడలు పోతున్నాయని నేను అనేదాన్ని. మాట్లాడుకున్నవేవీ పెద్ద విషయాలు కావు. పొద్దున పాలు విరిగిపోవడం, ఆటోలో ఎవరో నా కాలు తొక్కడం, అక్క వాళ్ల కూతురికి అన్నోజిగూడలో సంబంధం కుదరడం, ఉప్పల్ వైపు నీళ్లు రాకపోవడం. తిని, డబ్బాలు కడుక్కుని, ఫ్లాపీ తీసుకుని వచ్చేసేదాన్ని.

చేరిన రెండో ఏడు నాకు నెల తప్పింది. ముందుగా అక్కకే చెప్పాను. మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఆ చాప మీద కూర్చుని ఉండగానే నడుములో నొప్పి మొదలైంది. లేచి చూసుకుంటే చీర తడిసింది. అక్క వెంటనే లేచింది. తన కొంగు నా నడుముకు చుట్టి, గోడౌన్ వెనక గేటు నుంచి ఆటో ఎక్కించి, నాచారంలోని దవాఖానకు తీసుకుపోయింది.

"జర ఓర్సుకో. నా కొంగు పట్టుకో. కండ్లు మూయకు, నాతోని మాట్లాడు."

"ఏం మాట్లాడనక్కా?"

"ఏదన్న మాట్లాడు. పొద్దుగాల ఏం వండినవో చెప్పు."

దొండకాయ వేపుడు గురించి చెప్పాను. ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా మాట ఆగిపోయేది. బిడ్డ దక్కలేదు. మా ఆయన నెల్లూరులో ఉన్నారు, మర్నాటికి గాని రాలేకపోయారు. అంతసేపూ అక్క నా మంచం పక్కన స్టూలు మీదే ఉంది. కంపెనీలో చెల్లెకు జరం వచ్చిందని చెప్పింది. ఆ తర్వాత కూడా ఎవరికీ ఏమీ తెలియనివ్వలేదు. నేను తిరిగి పనికి వచ్చిన రోజు సంచుల మధ్య చాప ఎప్పటిలాగే పరిచి ఉంది. రొట్టె నాకోసం మెత్తగా చేసి తెచ్చింది.

ఆ తర్వాతి ఏడాది ఓనరు గారు కంప్యూటర్లన్నింటినీ కలిపేద్దామన్నారు. బయటి మనిషిని పెట్టుకునే బదులు ఆఫీసులోనే ఒకరు నేర్చుకోవాలని నన్ను ఎంచారు. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో ఆదివారాల్లో నెట్‌వర్కింగ్ క్లాసులు జరిగేవి. చెప్పే సార్‌ది వరంగల్ వైపు. కింద మైసూర్‌పాక్ వాసన, పైన ఆయన గొంతు. నాకు ఆ క్లాసు ఇష్టంగా ఉండేది. కాలేజీ వదిలాక మళ్లీ బెంచీ మీద కూర్చుని కొత్త సంగతి నేర్చుకోవడం అదే మొదటిసారి.

"రెండు మిషన్లు ఒకదానితోని ఒకటి మాట్లాడుకుంటే నెట్‌వర్క్. గంతే" అని మొదలుపెట్టారు ఆయన. "మిగిలిందంతా ఎంత దూరం, ఏ తొవ్వ, ఎవలు ముందు మాట్లాడాలె అన్నదే."

దూరాన్ని బట్టి రకాలు చెప్పారు. ఒక గదిలోనో, ఒక ఆఫీసులోనో ఉన్న కంప్యూటర్లను కలిపితే ల్యాన్. ఒకే పట్నంలో ఒకటి ఉప్పల్‌లో, ఇంకొకటి సికింద్రాబాద్‌లో ఉన్న ఆఫీసులను కలిపితే మ్యాన్. ఊళ్లూ రాష్ట్రాలూ దేశాలూ దాటితే వ్యాన్. అన్నింటికన్నా పెద్ద వ్యాన్ ఇంటర్నెట్. తర్వాత తీగలు పరిచే పద్ధతులు చెప్పారు. ఒకే పొడుగు తీగకు కంప్యూటర్లన్నీ తగిలిస్తే బస్. తీగ ఎక్కడ తెగినా అందరికీ పోతుంది. వినాయకుడి మండపంలో సీరియల్ లైట్లలో ఒకటి మాడితే దండంతా ఆరిపోతుందే, అలాగన్నమాట. గుండ్రంగా ఒకదాని నుంచి ఇంకోదానికి కలుపుకుంటూ పోతే రింగ్. దీన్ని చూపించడానికి మా చేతుల్లో ఒక సుద్దముక్క పెట్టి చుట్టూ తిప్పించారు. సుద్దముక్క చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి. మధ్యలో ఒక పెట్టె పెట్టి, దానికి ఒక్కో కంప్యూటర్ నుంచి విడి తీగ లాగితే స్టార్. ఒక తీగ పోతే ఆ ఒక్క కంప్యూటరే పోతుంది, మిగతావాళ్ల పని నడుస్తుంది.

ఆ మధ్య పెట్టెలో రెండు రకాలున్నాయి. హబ్ అయితే వచ్చిన మాటను అన్ని కంప్యూటర్లకూ పంపేస్తుంది. స్విచ్ అయితే ఎవరిదో చూసి వాళ్లకే పంపుతుంది.

"ఎవరిదో దానికి ఎలా తెలుస్తుంది సార్?" అని అడిగాను.

"ప్రతి మిషన్‌కు ఒక అడ్రస్ ఉంటది మేడమ్. గది జూసి పంపుతది."

"అంటే మనిషి పేరా?"

"మనిషితోని దానికేం పని? మిషన్ అడ్రస్. ఆ కుర్సీల ఎవలు కూసున్నా దానికి ఒకటే."

నోట్స్ రాసుకున్నాను. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి.

నాచారం ఆఫీసులో ల్యాన్ వేసినప్పుడు తీగల చివర్లు నేనే కత్తిరించి బిగించాను. ఆ నీలం తీగలో సన్నటి రంగుల వైర్లు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. వాటిని విడదీసి, వరుస తప్పకుండా క్లిప్పులో దూర్చి నొక్కాలి. వరుస తప్పితే కంప్యూటర్లు ఒకదానికొకటి కనపడవు. నావి మొదటిసారే పనిచేశాయి. ఓనరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. స్విచ్ ఖరీదెక్కువని హబ్ కొనిపించారు. అలా నాచారంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకటయ్యాయి. మల్లాపూర్ ఒక్కటే మిగిలిపోయింది.

కొన్నాళ్లకు దానికీ దారి దొరికింది. ఆఫీసు మిద్దె మీదా, గోడౌన్ మిద్దె మీదా ఇనుప పైపులు నిలబెట్టి, వాటి చివర పళ్లెం లాంటి యాంటెన్నాలు ఎదురెదురుగా బిగిస్తే, తీగ లేకుండానే రెండూ కలుస్తాయట. మధ్యలో మాత్రం ఏదీ అడ్డం ఉండకూడదు. బిగించే రోజు నాచారం మిద్దె మీద నేనూ ఒక టెక్నీషియనూ ఉన్నాం. మల్లాపూర్ మిద్దె మీద ఇంకో టెక్నీషియన్ ఉన్నాడు. చూద్దామని అక్క కూడా మిద్దె ఎక్కింది. అతని సెల్‌ఫోన్ అడిగి తీసుకుని నాతో మాట్లాడింది.

"చెల్లె, నువ్వు కనవడ్తలేవు."

"ఇంత దూరం నుంచి ఎలా కనపడతానక్కా?"

"మరి గా డబ్బాలకు కనవడ్తదా?"

"వాటికి కనపడుతుంది."

మర్నాడు చివరి ఫ్లాపీ కోసం గోడౌన్‌కు వెళ్లాను. అన్నాలు తిన్నాం. డబ్బా కడుగుతూ అక్క అడిగింది.

"ఇగ నువ్వు రావా?"

"రావాల్సిన పనే ఉండదక్కా. లెక్క దానంతట అదే వస్తుంది. ఇక మీ దగ్గర ఏం జరిగినా నాకు అక్కడే తెలిసిపోతుంది."

"ఏం జరిగినానా?"

"ఏం జరిగినా."

నేను సంతోషంగా చెప్పాను. నా చేతులతో చేసిన పని గురించి చెబుతున్నాను మరి. అక్క కూడా సంతోషించినట్టే కనిపించింది. "మంచిగైంది చెల్లె, ఎండల తిరుగుడు తప్పింది నీకు" అంది.

నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు చిన్న మాటలు పంపుకునే సదుపాయం ఉండేది. పంపితే అవతలి తెర మీద డబ్బా ఒకటి తెరుచుకుని, పైన 'స్టోర్స్ నుంచి' అనో 'బిల్లింగ్ నుంచి' అనో ఉండి, కింద మాట కనిపించేది. అది ఎలా పంపాలో అక్కకు ఫోన్‌లో చెప్పాను. ఫోన్ మేనేజర్ గారి గదిలో ఉండేది, ఎక్కువసేపు మాట్లాడే వీలుండేది కాదు. ఏది నొక్కాలో ఆమె సరిగా పట్టుకోలేదు. ఆ మధ్యాహ్నం అన్నం వేళకు నాచారం ఆఫీసులో ఉన్న ప్రతి తెర మీదా డబ్బా తెరుచుకుంది. ఓనరు గారి తెర మీద కూడా. ఇంగ్లీషు అక్షరాల్లో 'తిన్నవా చెల్లె' అని ఉంది.

ఆఫీసంతా నవ్వింది. ఓనరు గారు గదిలోంచి బయటికి వచ్చి, "తిన్నానని చెప్పండమ్మా" అన్నారు. ఆయన సరదాగానే అన్నారు. కానీ మల్లాపూర్ మేనేజర్ గారికి ఆ సంగతి చేరి, ఆయన అక్కతో ఏమన్నారో నాకు తెలియదు. అక్క చిన్నబుచ్చుకుందని మాత్రం ప్యాకింగ్‌లో చేసే ఆవిడ ద్వారా విన్నాను. నాకొక్కదానికే ఎలా పంపాలో మళ్లీ చెప్పాను. ఆమె నేర్చుకుంది కూడా. కానీ ఆ తర్వాత ఎప్పుడూ మాటలు పంపలేదు. నేను 'ఫైల్ అందింది' అని పంపితే 'ఓకే' అని వచ్చేది. 'రేపు రెండో సైజు కావాలి' అంటే 'ఓకే'. ఒకసారి 'ఎలా ఉన్నారక్కా' అని పంపాను. దానికీ ఓకే అనే వచ్చింది.

మొదట్లో సెలవు రోజుల్లో అయినా వెళ్లి రావాలనుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు వెళ్లాను. తర్వాత నాకు మళ్లీ నెల తప్పింది. ఈసారి డాక్టరు ఆటో ఎక్కొద్దన్నారు. పాప పుట్టింది. బారసాలకు అక్క వచ్చింది. పాపకు గాజులు తెచ్చింది, పాపను చాలాసేపు ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. వెళ్లేటప్పుడు "ఇగ నువ్వు ఫికర్ జేయకు" అంది. మా ఇంట్లో చుట్టాలు నిండుగా ఉన్నారు. ఆమెను గేటు దాకా కూడా సాగనంపలేకపోయాను.

ఉద్యోగంలో తిరిగి చేరాక పాప, పని, ఇల్లు. మధ్యాహ్నం అన్నం నా టేబుల్ దగ్గరే తినేదాన్ని. రోజూ స్టోర్స్ నుంచి ఓకే వచ్చేది. ఆ మాట కనిపించగానే అక్క తన కుర్చీలో కూర్చుని, చూపుడువేలితో ఆ రెండు అక్షరాలూ కొట్టినట్టు నాకు అనిపించేది. రోజూ పలకరించుకుంటూనే ఉన్నామని నిజంగానే అనుకున్నాను. ఆమె ఎలా ఉందో ఎవరినీ అడగలేదు, అడగాలని తట్టలేదు. గోడౌన్ వాళ్ల జీతాలు, హాజరు అన్నీ మల్లాపూర్ మేనేజర్ గారే చూసుకునేవారు. ఆ కాగితాలేవీ నా దాకా వచ్చేవి కావు.

ఆ రోజుల్లో నాచారం చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచేవి. మా ఆఫీసుకూ గోడౌన్‌కూ మధ్య ఎక్కడో ఒక పెద్ద భవనం కడుతున్నారని మాకు తెలియదు. మొదట లెక్కలు ఆలస్యంగా రావడం మొదలైంది. తర్వాత మధ్యలో ఆగిపోయేవి. ఒక రోజు పూర్తిగా పోయింది. టెక్నీషియన్ మిద్దె ఎక్కి చూసి దిగాడు.

"మేడమ్, అడ్డం స్లాబ్ పడ్డది. ఇంకో అంతస్తు లేపిన్రు. మన పైపు గింత పొడుగైతే సరిపోదు."

ఎత్తు పైపు తెప్పించేదాకా పాత పద్ధతే అన్నారు ఓనరు గారు. ఫ్లాపీల కాలం పోయింది, పెన్ డ్రైవ్ ఇచ్చారు. పొద్దున్నే గోంగూర పచ్చడి నూరాను. ఆమె కోసం నూనె తగ్గించాను. రెండు డబ్బాలు సర్దుకుని, ఎన్నో రోజుల తర్వాత మల్లాపూర్ ఆటో ఎక్కాను. మనసు పండగలా ఉంది. చెప్పకుండా వెళ్లి తలుపు దగ్గర నిలబడాలనుకున్నాను.

అక్క కుర్చీలో ఒకాయన కూర్చుని ఉన్నాడు. నడివయసు మనిషి. ప్యాకింగ్‌లో చూసిన ముఖమే.

"అక్క రాలేదా అండి?"

"ఏ అక్క మేడమ్?" అన్నాడు. తర్వాత అర్థమై, "ఆమె మానేసి చానా దినాలాయె. బతుకమ్మ పండుగ ముందట్నే పోయింది" అన్నాడు.

అప్పటికి ఎండలు మొదలయ్యాయి.

"మరి రోజూ ఓకే అని వస్తోంది కదా?"

"నేనే గొడ్తున్న. ఫైల్ అందిందని వస్తే ఓకే కొట్టుమని ఆమెనే నేర్పిపోయింది."

తానేదైనా తప్పు చేశానేమోనని నా ముఖం వైపు చూశాడు. నేను పెన్ డ్రైవ్ ఇచ్చాను. అతను లెక్క ఎక్కించి ఇచ్చాడు. చాప ఎక్కడుందని అడగలేదు. ప్యాకింగ్ ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. అక్కకు కడుపులో గడ్డ వచ్చిందనీ, పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయ్యిందనీ, చాలా రోజులు అక్కడే ఉందనీ, ఇప్పుడు అన్నోజిగూడలో కూతురి దగ్గర ఉంటోందనీ చెప్పింది. దవాఖానకు వీళ్లంతా వంతులవారీగా వెళ్లి వచ్చారట.

"మీకు తెల్వదా?" అంది. నేను తల అడ్డంగా ఊపితే ఆమె నమ్మలేనట్టు చూసింది.

ఆ ఆదివారం పాపను మా ఆయనకు అప్పజెప్పి వరంగల్ రోడ్డు మీద పోయే బస్సెక్కి అన్నోజిగూడలో దిగాను. రోడ్డు పక్కన టైర్లకు పంక్చర్లు వేసే దుకాణం వెనక రెండు గదుల ఇల్లు. కూతురు తలుపు తీసింది. అక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సగం మనిషి అయిపోయింది. నన్ను చూసి లేవబోయింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అక్కా, నాకు తెలియదు" అన్నాను.

అక్క నా వైపే చూసింది. "తెల్వదా?"

"నిజంగా తెలియదక్కా. మొన్ననే తెలిసింది."

"నేను నీకు తెలుసనుకున్న చెల్లె. ఏం జరిగినా తెలుస్తదన్నవు గదా. మిషన్ల అన్ని పోతయి, నేను పోయిన సంగతి గూడ పోయి ఉంటదనుకున్న." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "దవాఖానల ఉన్నన్ని దినాలు తలుపు దిక్కు జూసేదాన్ని. చెల్లెకు చిన్న పిల్ల ఉన్నది, తీరదేమో అనుకున్న. ఎనుక ఇగ రాదేమో అనుకున్న."

"ఫోన్ చేయించకపోయారా అక్కా?"

"తెలిసినామెకు ఏమని జేపియ్యాలె?"

కూతురు టీ గ్లాసులు తెచ్చి పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "తెల్వదంటివి గదా, అయిపాయె" అంది. ఆమె నిజంగానే నమ్మింది. కానీ అన్ని నెలలు ఆమె మనసులో నేను వేరే మనిషినై ఉన్నాను. అన్నీ తెలిసీ రాని మనిషిని. నేను ఆమె కొంగు పట్టుకుని దవాఖానకు వెళ్లిన రోజు ఆమె స్టూలు మీద నుంచి కదలలేదు. ఆమె మంచం మీద ఉన్నప్పుడు నేను ఉప్పల్‌లో, బస్సులో వెళ్లగలిగేంత దగ్గర్లో, తెర మీద ఓకే చూసుకుని బిల్లులు వేసుకుంటున్నాను. ఆ నెలలను ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత రెండు మూడు వారాలకొకసారి వెళ్లేదాన్ని. అక్క కోలుకుంది, కానీ పనిలోకి మళ్లీ రాలేదు. వాళ్ల ఆయన పనిచేసే లేత్ షాపు మూసేశాక ఇద్దరూ జనగామ దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు. అప్పటికి ఆమె దగ్గరా సెల్‌ఫోన్ ఉంది. పండగలకు మాట్లాడుకునేవాళ్లం. ఉద్యమం ఊపందుకున్నాక బంద్‌లు, రాస్తారోకోలు. ఘట్‌కేసర్ దాటి బస్సులు ఎప్పుడు వెళ్తాయో, ఎప్పుడు ఆగుతాయో తెలిసేది కాదు. వెళ్లలేకపోవడానికి అదో కారణం అయింది. బస్సులు తిరిగిన రోజుల్లో కూడా నేను వెళ్లలేదు.

ఆఫీసులో ఎత్తు పైపు వచ్చింది. కొన్నాళ్లు పనిచేసింది. తర్వాత ఇంకా ఎత్తు భవనం లేచింది. చివరికి రెండు చోట్లా ఇంటర్నెట్ పెట్టించారు. ఓనరు గారు వేరే రాష్ట్రంలో ఇంకో యూనిట్ తెరిచారు, దానితోనూ కలిపారు. సార్ చెప్పిన మూడు రకాలూ మా మూతల కంపెనీకి వచ్చేశాయి. అన్నింటినీ దగ్గరుండి కలిపించింది నేనే. కొత్త యూనిట్‌లో ఎవరు పనిచేస్తున్నారో ఒక్కరి ముఖమూ నాకు తెలియదు.

రాష్ట్రం వచ్చిన రోజు మా ఆఫీసులో మిఠాయిలు పంచారు. మా వీధిలో కొందరు తలుపులు వేసుకుని టీవీ చూశారు. మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, వచ్చింది సూడు!" అంది. గొంతులో ఎన్నడూ వినని హుషారు. వెంటనే తగ్గించి, "మీరేం బుగులు పడ్తలేరు గదా? ఎక్కడికీ పోకున్రి. గీడనే ఉండున్రి" అంది.

"ఎక్కడికి పోతామక్కా."

"ఒక్కసారి ఊరికి రా మరి. గీసారన్న రా."

వస్తానన్నాను. చలికాలంలో వెళ్లాను. అక్క ఇంటి ముందు ఎండలో కూర్చుని అనపకాయల్లోంచి గింజలు ఒలుస్తోంది. జుట్టు మొత్తం తెల్లబడింది, ముఖం మాత్రం తేటగా ఉంది. నేనూ పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. పాప ఏ తరగతి అని అడిగింది, చెప్పాను. వాళ్ల ఆయన మోకాళ్ల గురించి చెప్పింది, విన్నాను. ఆఫీసు ఎట్ల నడుస్తోందని అడిగింది. గోడౌన్ ఖాళీ చేశారని, అక్కడ ఇప్పుడు వేరేవాళ్లు ఏదో వర్క్‌షాప్ పెట్టారని చెప్పాను. "అట్లనా" అంది. తర్వాత ఇద్దరికీ మాటలు లేవు.

అంతకు ముందు మాకు మాటల కరువు ఎన్నడూ లేదు. విరిగిన పాల గురించి, ఆటోలో తొక్కిన కాలి గురించి మనిషి ఆ పూటే చెప్పుకుంటాడు. ఏళ్ల తర్వాత కూర్చుని చెప్పుకోవడానికి అవి మిగలవు. మిగిలిన పెద్ద సంగతులు మేమెప్పుడూ మాట్లాడుకున్నవి కావు. గిన్నె నిండేదాకా ఒలిచాం. ఆమె రొట్టె చేసి పెట్టింది. తిన్నాను.

సాయంత్రం నాతో పాటు రోడ్డు దాకా నడిచి వచ్చింది. బస్సు వచ్చేదాకా నిలబడతానంది.

"వద్దక్కా, కాళ్లు నొప్పులు పుడతాయి. మీరు వెళ్లండి" అన్నాను.

కాసేపు అలాగే నిలబడింది. తర్వాత సరే అని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని వెనక్కి తిరిగింది. బస్సు చాలాసేపటికి గాని రాలేదు. ఆమెను ఉండమని ఉంటే బాగుండేది.